విషయం: ఫెర్రిసైనైడ్ అని లేబుల్ వేసి ఫెర్రోసైనైడ్ పంపారు

కస్టమర్ కేర్ వారికి,

మీ దగ్గర కొన్న పొటాషియం ఫెర్రిసైనైడ్ సీసా గురించి ఇది రెండోసారి రాయాల్సి వస్తోంది, ఎందుకంటే మొదటిసారి మీరిచ్చిన జవాబు జవాబే కాదు.

నేను శ్రీకాకుళంలో సయనోటైప్ పద్ధతిలో మండలాలు, అంటే కేంద్రం చుట్టూ గీసే వృత్తాకార బొమ్మలు, ప్రింట్ చేస్తాను. కంపాస్‌తో వృత్తాన్ని సమభాగాలు చేసి, రేకులూ త్రిభుజాలూ గీసి, ఆ బొమ్మను ట్రాన్స్‌పరెంట్ షీట్ మీద నల్లగా ప్రింట్ తీయించి, రసాయనం పూసిన బట్ట మీద అద్దంతో బిగించి ఎండలో పెడతాను. ఎండ తగిలిన చోటు నీలమవుతుంది, నల్ల గీత కింద ఉన్నది నీళ్లలో కడిగితే తెల్లగా మిగులుతుంది. గీతలన్నీ కేంద్రం దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకంత ఎడంలో ఉంటాయి కాబట్టి ఆ తెలుపు కొంచెం మసకబారినా మధ్యభాగమంతా ముద్దయిపోతుంది.

మామూలు కొలతలే వాడాను. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 100 మి.లీ. నీళ్లకు 25 గ్రాములు, మీ ఫెర్రిసైనైడ్ 100 మి.లీ.కి 10 గ్రాములు, రెండూ సమపాళ్లలో. రాత్రి మసక బల్బు వెలుతురులో పూసి చీకట్లో ఆరబెట్టాను, పూత ఆకుపచ్చగా ఉండాలి కానీ ఆ వెలుతురులో ఆకుపచ్చకీ నీలానికీ తేడా ఎవరికీ తెలియదు. పొద్దున్న చూస్తే ఎండ ముఖం చూడని బట్ట మొత్తం ముదురు నీలం! సీసా తెచ్చి వెలుతురులో చూశాను. ఫెర్రిసైనైడ్ పలుకులు ముదురు ఎరుపులో ఉండాలి, ఇవి లేత పసుపు. తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ గారు ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేసి చూస్తే వెంటనే చిక్కటి నీలం వచ్చింది, అసలు ఫెర్రిసైనైడ్ అయితే గోధుమరంగు వచ్చేది. మీరు పంపింది ఫెర్రోసైనైడ్, అందుకే ఎండ లేకుండానే బట్ట నీలమైంది.

ఇది రాస్తే మీవాళ్లు "ఎండ తగిలి ఉంటుంది, పాత పద్ధతి కాబట్టి గ్యారంటీ ఇవ్వలేం" అన్నారు. ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి ఇది, మరుసటి ఏడాదికే వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు బొమ్మలు ఇందులో ప్రింట్ చేయడం మొదలుపెట్టారు, తర్వాత ఇంజినీర్ల బ్లూప్రింట్లన్నీ ఇదే. పద్ధతి మీద నెపం వేయకండి, తప్పు సీసాలో ఉంది.

పాడైంది మామూలు బట్ట కూడా కాదు, పొందూరు ఖాదీ. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి, చేమగ్గం మీద నేసిన బట్ట. వాషింగ్ సోడాతో నీలం వదులుతుంది కానీ ఇనుము పసుపు మరకగా ఉండిపోతుంది, అంటే ఆ బట్ట ఇక దేనికీ పనికిరాదు. రథసప్తమికి ఇస్తానని ఒప్పుకున్న సూర్యమండలాల ఆర్డర్ ఆగిపోయి టెన్షన్ పడుతున్నాను.

సరైన ఫెర్రిసైనైడ్ వెంటనే పంపండి. బట్ట, సిట్రేట్ ఖర్చు ఇవ్వండి, బిల్లులు, ఫొటోలు జత చేశాను. అదే బ్యాచ్ కొన్నవాళ్లందరికీ ఈ వారంలోనే తెలియజేయండి, లేబుల్ ఒకటి, సరుకు ఒకటి అయితే రసాయనాల విషయంలో అది నష్టంతో పోయే సంగతి కాదు. మిగిలిన సీసా మూత బిగించి అలాగే ఉంచాను, మీ మనిషిని పంపి తీసుకెళ్లి టెస్ట్ చేయించుకోండి.

ఇట్లు,
మీ కస్టమర్, శ్రీకాకుళం