టైరు రుద్దుకుంటే కారును కోయకండి

సంపాదకులకు నమస్కారం.

కారు కొన్న కొద్ది నెలలకే దానితో వచ్చిన చక్రాలు తీయించి, అంతకంటే పెద్ద అలాయ్ వీల్స్ బిగించుకోవడం మన పట్టణాల్లో మామూలైంది. ముచ్చటపడి కొనుక్కున్న బండిని ఇష్టప్రకారం తీర్చిదిద్దుకోవాలని ఎవరికైనా ఉంటుంది కనుక ఆ కోరికను నేను తప్పు పట్టను. బిగించిన తరువాత టైరు మడ్‌గార్డుకో, లోపల షాక్ అబ్జార్బరు ఉండే స్ట్రట్‌కో రుద్దుకుంటోందని తెలిసినప్పుడు కొన్ని షాపుల్లో చేస్తున్న మరమ్మతు గురించే ఈ ఉత్తరం. చాలా ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ మధ్య మా ఇంట్లోనే ఆ అనుభవం ఎదురైంది కనుక రాయకుండా ఉండలేకపోయాను.

మా మేనల్లుడు ఈ సంక్రాంతికి భార్యతో, నాలుగేళ్ల కొడుకుతో, అత్తమామలతో హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చాడు. పండుగకు వారం ముందే కారుకు 17 అంగుళాల చక్రాలు వేయించాడు. నగరంలో ఒక్కడే ఆఫీసుకు నడుపుకున్నన్నాళ్లు ఏ చప్పుడూ లేదట. ఐదుగురూ ఎక్కి, డిక్కీ నిండా సామాను సర్ది బయలుదేరాక, చౌటుప్పల్ దాటేసరికి రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నచోటల్లా వెనక నుంచి బర్రుమని శబ్దం రాసాగింది. సూర్యాపేటలో టీ కోసం ఆగితే కాలిన రబ్బరు వాసన. షాపుకు ఫోన్ చేసి అడిగితే, కొత్త టైర్లు కదా, కొంచెం అరిగితే అదే సర్దుకుంటుందని చెప్పారు. ఇంటికి చేరాక నేను టార్చి వేసి చూశాను. వెనక కుడి టైరు బయటి అంచు చుట్టూ వేలు పట్టేంత గాడి పడి, లోపలి దారాలు కనిపిస్తున్నాయి. పసివాడు కూర్చున్నది సరిగ్గా ఆ టైరు పక్క సీటులోనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే కాగితం మీద లెక్క వేశాను. కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. వీటిని కలిపితే చక్రం మొత్తం వ్యాసం దాదాపు 621 మిల్లీమీటర్లు. షాపువారు వేసింది 215/50 ఆర్17. దాని వ్యాసం దాదాపు 647. చక్రం 25 మిల్లీమీటర్ల పైచిలుకు పెరిగింది, అందులో సగం మడ్‌గార్డు గూటిలోకి పైకి వెళ్లింది. ఇది ఒక దిశ మాత్రమే. కంపెనీ రిమ్ము ఆఫ్‌సెట్ 45 అయితే కొత్త రిమ్ము మీద 35 అని పోతపోసి ఉంది. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పుకు మధ్య గీత ఎక్కడుందో, హబ్‌కు, అంటే చక్రాన్ని బోల్టులతో బిగించే భాగానికి, ఆనే ముఖం ఎక్కడుందో ఆ రెంటికీ నడుమ ఉన్న దూరం. మన కార్లలో ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగేకొద్దీ లోపలికి పోతుంది. టైరు వెడల్పు పెరిగినందువల్ల రెండు వైపులా 15 చొప్పున, ఆఫ్‌సెట్ తగ్గినందువల్ల బయటి వైపు మరో 10, మొత్తం 25 మిల్లీమీటర్లు బయటికి వచ్చి, లోపలి వైపు 5 మిల్లీమీటర్లు జరిగింది. వెనక సీటు నిండి స్ప్రింగులు కుంగినప్పుడు మడ్‌గార్డు లోపలికి మడిచిన రేకు అంచు ఆ టైరు మీద కత్తిలా పనిచేయడంలో ఆశ్చర్యం లేదు. ఐదు నిమిషాలు కూడా పట్టని ఈ లెక్కను, వేలకు వేలు తీసుకున్న షాపులో ఎవరూ వేయకపోవడమే నన్ను బాధించింది.

రుద్దుకోవడం ఎక్కడో తెలియకుండా చేసే మరమ్మతు గుడ్డి మరమ్మతే. టైరు భుజం, అంటే నేలకు ఆనే భాగం పక్క గోడను కలిసే అంచు, చుట్టూ తడిపిన సుద్ద గీసి, స్టీరింగును ఒక కొస నుంచి మరో కొస వరకు తిప్పి, వెనక సీట్లో మనుషులను కూర్చోబెట్టి ఒక స్పీడ్ బ్రేకరు మీదుగా నెమ్మదిగా నడిపితే, సుద్ద చెరిగిన చోటే జవాబు దొరుకుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడే తగిలితే అది చాలావరకు ముందు గూటి లోపల తొడిగిన ప్లాస్టిక్ లైనరో, మడ్‌ఫ్లాపో అయి ఉంటుంది. ఊడిన క్లిప్పులు బిగించి, ప్లాస్టిక్‌ను హీట్ గన్‌తో వేడిచేసి వెనక్కి నొక్కితే ఆ బాధ తీరవచ్చు. గతుకుల మీద మాత్రమే తగిలితే మడ్‌గార్డు అంచు. తిన్నగా పోతున్నప్పుడు కూడా ఆగకుండా రుద్దుకుంటుంటే, ముఖ్యంగా లోపలి వైపు, ఆ బండిని ఇక నడపకూడదు. అక్కడ స్ట్రట్ ఒక్కటే కాదు, బ్రేకు గొట్టం, చక్రం వేగాన్ని ఏబీఎస్ బ్రేకులకు తెలిపే తీగ కూడా ఉంటాయి. గొట్టం ఒరుసుకుని తెగితే బ్రేకు నూనె కారిపోతుంది.

అయినా షాపుల్లో మొదట చేతికి వచ్చేది గ్రైండరే. మడ్‌గార్డు అంచు కోసేస్తే టైరుకు చోటు దొరకవచ్చు గానీ, రంగు పోయిన ఆ రేకు కృష్ణా తీరపు తేమలో రెండు వానాకాలాలకే తుప్పు పట్టడం మొదలవుతుంది. కోయకుండా అంచును వేడిచేసి రోలర్‌తో లోపలికి మడిచే పద్ధతి ఉంది, చేయితిరిగిన పనివాడు చేస్తే అది కొంత నయం. అయితే దానితో దొరికేది కొద్దిపాటి మిల్లీమీటర్లే, 25 కాదు. హబ్‌కూ రిమ్ముకూ నడుమ పెట్టే బిళ్ల అయిన స్పేసర్ చక్రాన్ని ఇంకా బయటికి నెడుతుంది కనుక బయట తగిలే టైరుకు అది మందు కాదు, పైగా బోల్టు మరలకు పట్టు తగ్గుతుంది. స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి బండిని ఎత్తడం మరీ పెద్ద పొరపాటు. బండి నిలకడను చెడగొట్టి, చక్రం కొలతలోని తప్పును కొన్నాళ్లు కనిపించకుండా చేయడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

మేము చేసినది చెబుతాను. అదే కారు పై మోడల్‌కు కంపెనీయే 195/55 ఆర్16 టైర్లతో చక్రాలు ఇస్తోంది. లెక్క వేస్తే వాటి వ్యాసం కూడా దాదాపు 621 మిల్లీమీటర్లే. 17 అంగుళాల రిమ్ములే ఉంచుకుందామని మా వాడు కాసేపు పట్టుబట్టాడు. వాటికి 205/45 టైర్లు వేస్తే వ్యాసం 616 దగ్గర నిలుస్తుంది, నిజమే. అప్పుడు పక్క గోడ 120 నుంచి 92 మిల్లీమీటర్లకు తగ్గి, ఒక్క గుంతకే రిమ్ము వంగే ప్రమాదం ఉంది. బరువు సంగతి కూడా చూడాలి. పాత టైరు మీద ఉన్న 88 అనే సూచిక 560 కిలోలు మోయగలదని చెబుతుంది, ఈ కొలతలో 84 సూచిక ఉన్న టైరైతే 500 కిలోలే. చివరికి నష్టానికి ఆ చక్రాలు అమ్మి కంపెనీ 16 అంగుళాలవే వేయించాడు. ఐదుగురం కూర్చుని బెంజి సర్కిల్ నుంచి ఉయ్యూరు దాకా వెళ్లి వచ్చాము, సుద్ద గీత ఎక్కడా చెరగలేదు.

ఇందులో చట్టం పాత్ర కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించింది. ఆ నిబంధన కింద శిక్ష యజమానికి పడుతుంది, కొలత చూడకుండా బిగించిన చేతికి మాత్రం పడదు. నాకు ఇది న్యాయంగా తోచడం లేదు.

అందుకే రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. చక్రాలు మార్చే ప్రతి షాపూ బిల్లు మీద పాత, కొత్త టైర్ల కొలత, మొత్తం వ్యాసం, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, టైరు బరువు సూచిక తప్పనిసరిగా రాసేలా, పూర్తి బరువుతో నడిపి చూసినట్టు సంతకం చేసేలా ఆదేశాలివ్వండి. కొనేవారు కూడా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలోని టైరు కొలతను ఫోటో తీసుకుని వెళ్లి, ఆ అంకెలు అడిగిన తరువాతే డబ్బు చెల్లించాలని కోరుతున్నాను. గాడి పడిన ఆ టైరును నేను పారవేయలేదు. పనివారికి, విద్యార్థులకు చూపించడానికి ఏ షాపువారైనా, ఏ కళాశాలవారైనా అడిగితే స్వయంగా తీసుకువెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఆటోమొబైల్ అధ్యాపకుడు,
విజయవాడ