2024–25 వార్షిక నివేదిక: ఇరవై ఐదు అడుగుల లెక్క

ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాము నరాల తొడుగు దెబ్బతినే జబ్బు) ఉన్న మన సంఘ సభ్యులకు, మనల్ని వెంటబెట్టుకుని తిప్పే ఇంట్లోవాళ్ళకు నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదిక మీటింగులు, చందాల లెక్కతో మొదలయ్యేది. ఈసారి వాటిని చివరికి నెట్టాను. ఈ ఏడాది మన డబ్బు, టైము, ఓపిక ఎక్కువగా తీసుకున్నది మంగళ, శనివారాల నడక క్లాసు. ముందు దాని సంగతే చెప్పుకుందాం.

అసలు ఈ క్లాసు పొరపాటుతో మొదలైంది. మే 30 ప్రపంచ ఎంఎస్ దినం. ఆ తేదీ ఎవరు పెట్టారో గానీ, హైదరాబాదులో మనలాంటివాళ్ళకు అంతకంటే చెడ్డరోజు దొరకదు. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. అయినా పోయినేడు సాయంత్రం ఐదింటికి కమ్యూనిటీ హాలు డాబా మీద ‘అందరం కలిసి నడుద్దాం’ అని కార్యక్రమం పెట్టాం. ఎండ తగ్గిందిగా అనుకున్నాం. డాబా గచ్చు మాత్రం ఇంకా సెగలు కక్కుతోంది. మూడో రౌండులో ఒక సభ్యురాలికి కుడికాలు ఈడ్చుకుపోవడం మొదలైంది. ఇంకో రెండు నిమిషాలకు ఎదురుగా ఉన్న మనిషి మసకగా కనిపిస్తున్నాడంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా నలుగురు మోసుకుని కిందికి దించారు. వాళ్ళాయన మొహంలో రక్తం లేదు. మళ్ళీ రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం), మళ్ళీ ఐదురోజుల స్టిరాయిడ్ డ్రిప్ అనే అనుకున్నాడాయన. మెడ చుట్టూ తడి తువ్వాలు కప్పి, ఫ్యాను కింద ఉంచి, చల్లటి నీళ్ళు తాగించాం. ముప్పావుగంటలో చూపు తేటపడింది, కాలు మాట విన్నది.

దీన్ని ఊటాఫ్ లక్షణం అంటారు. 1890లో ఊటాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు దీని గురించి రాశాడు. నరం చుట్టూ ఉండే మైలిన్ అనే తొడుగు దెబ్బతింటే, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా ఆ నరంలో సిగ్నల్ తడబడుతుంది. ఒళ్ళు చల్లబడితే మళ్ళీ సర్దుకుంటుంది. కొత్త దెబ్బేమీ తగల్లేదు కాబట్టి అది రిలాప్స్ కాదు. ఈ ముక్క మనలో సగం మందికి తెలియదని ఆ రోజే అర్థమైంది. తెలిసి కూడా డాబా ఎక్కించిన తప్పు మాత్రం కమిటీది, ముఖ్యంగా నాది.

ఆ తర్వాతి వారం ఒక ఫిజియోథెరపిస్టును కలిశాం. ఆయన చెప్పిన మాట నాకు బాగా పట్టుకుంది: “మీ కాళ్ళ బలహీనతలో కొంత జబ్బు వల్ల వచ్చింది, కొంత కూర్చోవడం వల్ల వచ్చింది. జబ్బు తీసుకుపోయింది నేను తేలేను. కూర్చోవడం తీసుకుపోయింది కొంత రాబట్టొచ్చు.”

కూర్చోవడం గురించి నాకు బాగా తెలుసు. నాకు జబ్బు బయటపడ్డప్పుడు ఇచ్చిన సలహా ఒక్కటే: అలిసిపోవద్దు, రెస్ట్ తీసుకో. బుద్ధిమంతుడిలా రెండేళ్ళు పాటించాను. మంచం, కుర్చీ, మళ్ళీ మంచం. తీరా చూస్తే అమెరికాలో యూటా యూనివర్సిటీవాళ్ళు 1996లోనే 54 మంది ఎంఎస్ ఉన్నవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుతో 15 వారాలు వ్యాయామం చేయించారట. చేసినవాళ్ళకు దమ్ము, కండబలం పెరిగాయి, జబ్బు ముదరలేదు. ఆ కబురు నా దాకా రావడానికి ఎంతకాలం పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. వ్యాయామం చేస్తే రిలాప్స్ వస్తుందేమోనని ఇంకా భయపడేవాళ్ళ కోసం ఇంకో లెక్క. చాలా ట్రయల్స్‌ను కలిపి 2014లో వచ్చిన ఒక సమీక్షలో, రిలాప్స్ వచ్చినవాళ్ళు వ్యాయామం చేసిన జట్లలో 4.6 శాతం, చేయని జట్లలో 6.3 శాతం.

క్లాసు ఉదయం ఆరున్నరకు, హాలు కింది అంతస్తులో. రెండు కూలర్లు, ఒక ఐస్ డబ్బా, అందులో తువ్వాళ్ళు. జిమ్ము మెషిన్లేమీ లేవు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు వాడకుండా ఎనిమిదిసార్లు లేచి కూర్చోవాలి. వినడానికి ఎంత తేలికో, ఆరోసారికి తొడలు అంత వణుకుతాయి. కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద లేవాలి. ఇటుక ఎత్తు చెక్క మీదికి ఎక్కి దిగాలి. ప్రతి రెండు మూడు నిమిషాలకూ ఆగి, ఒక గుక్క చల్లటి నీళ్ళు. చివర చాక్‌పీసుతో గీసిన గీత మీద నడక, దానికి తోడు పదమూడో ఎక్కం. నోరు ఎక్కం చెబుతుంటే కాళ్ళు ఆగకూడదు. “పదమూడు ఏళ్ళు...” అనగానే హాల్లో సగం మంది బొమ్మల్లా నిలబడిపోతారు. రోడ్డు దాటుతుండగా ఫోన్ మోగితే మనం తూలేది ఇందుకేనని ఫిజియోగారు అంటారు. మా చిన్నప్పటి లెక్కల మాస్టారు చూస్తే వేరే కారణం చెప్పేవారేమో.

కొలత కూడా మొదలుపెట్టాం. టేపుతో 25 అడుగులు కొలిచి రెండు గీతలు గీస్తాం. పడిపోకుండా ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా రెండుసార్లు నడిచి, సగటు రాసుకోవాలి. న్యూరాలజిస్టులు వాడే పరీక్షే ఇది. మనకు కావలసింది చాక్‌పీసు, ఫోన్లో స్టాప్‌వాచ్. జూన్‌లో 12 సెకన్లు పట్టిన ఒకావిడకు సెప్టెంబరులో 10.5 వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఫిజియోగారు మాత్రం కాగితం మీంచి తలెత్తకుండా, “ఆగండి, 20 శాతం మారితేనే నిజమైన మార్పు. ఇంతలోపు తేడా రాత్రి బాగా నిద్రపట్టినా వస్తుంది” అన్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. మార్చిలో 9.4 వచ్చింది. చప్పట్లకంటే ముందు ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచింది ఆవిడే. “మరి కర్ర వదిలేయనా?” అని అడిగితే, ఇంట్లో సరే, వీధిలో వద్దన్నారాయన.

అందరికీ ఇలా జరగలేదు. ఎక్కువమంది జూన్‌లో ఉన్నచోటే ఉన్నారు. ఒకరికి మధ్యలో నిజంగానే రిలాప్స్ వచ్చి నడక తగ్గింది. దసరా నుంచి దీపావళి దాకా క్లాసు ఆపేశాం, నవంబరులో కొలిస్తే దాదాపు అందరూ వెనక్కి జారారు. పోయింది తెచ్చుకోవడానికి సంక్రాంతి దాకా పట్టింది. ఈ ఏడు దసరాకు సెలవు మూడు రోజులే, బతుకమ్మ ఆడేవాళ్ళకు ఆ ఆటే క్లాసుగా లెక్కవేస్తాం.

ఎంత లాభం ఆశించొచ్చని చాలామంది అడుగుతున్నారు. ట్రయల్స్ అన్నీ కలిపి 2015లో వేసిన లెక్క ప్రకారం, ఆరు నిమిషాల నడకలో వ్యాయామం చేసినవాళ్ళు సగటున సుమారు 36 మీటర్లు ఎక్కువ నడిచారు. 36 మీటర్లంటే మా అపార్ట్‌మెంట్ గేటు నుంచి పాలబూత్ దాకా. బాగున్నవాళ్ళకు అది దూరమే కాదు. పాలకోసం ఇంకొకర్ని పంపాలా వద్దా అన్నది మాత్రం నాకు అక్కడే తేలుతుంది.

క్లాసుకు రావడం మానేసినవాళ్ళ సంగతి దాచను. పద్దెనిమిది మందితో మొదలుపెట్టాం, మార్చికి పదకొండు మంది మిగిలాం. కాళ్ళు బిగుసుకుపోయే జబ్బున్నవాళ్ళను ఆరున్నరకు రమ్మనడమే ఒక శిక్ష. ఆటో ఖర్చు రానూపోనూ. పైగా తోడుగా రావలసిన కూతురికో భర్తకో ఆఫీసు. వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఆయాసం తెప్పించే వ్యాయామం, మరో రెండుసార్లు బలం పెంచే వ్యాయామం చేయమని మామూలుగా ఇచ్చే సలహా. మన క్లాసు అందులో సగానికే సరిపోతుంది. మిగతా సగం ఇంట్లో చేయాలని వాట్సాప్‌లో వీడియోలు పెట్టాం. చూసినట్టు నీలం టిక్కులైతే పడుతున్నాయి.

వీల్‌చైర్‌లో ఉన్న ఇద్దరు సభ్యులు జనవరి మీటింగులో నిలదీశారు: “మీ మాటలన్నీ నడకే. నడక పోయినవాళ్ళం సంఘంలో ఉన్నట్టా లేనట్టా?” దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఫిబ్రవరి నుంచి శనివారం చివరి ఇరవై నిమిషాలు కుర్చీలో చేసే చేతుల, నడుము వ్యాయామాలకు కేటాయించాం. అది సరిపోదని వాళ్ళూ అన్నారు, నేనూ ఒప్పుకుంటున్నాను.

ఇక మిగతావి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మన జబ్బు పేరు కూడా ఉంది. యూడీఐడీ కార్డు (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) కోసం కొందరం తిరిగాం. పరీక్షరోజు ఏసీ గదిలో పొద్దున్నే నాలుగు అడుగులు బాగా వేసిన పాపానికి ఒకాయనకు వైకల్యం 40 శాతం కంటే తక్కువని వేశారు. అప్పీలు చేస్తున్నాం. వెళ్ళేవాళ్ళు మన 25 అడుగుల కాగితాలు, తేదీలతో సహా, వెంట తీసుకెళ్ళండి. హాలు ముందున్న రెండు మెట్లకు పైపు రెయిలింగ్ పెట్టించాం. వెల్డింగ్ మేస్త్రీ కూలి తీసుకోలేదు, పైపు డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం.

ఎవరింట్లోనైనా వెనక ఆనుకునే సీటున్న ఎక్సర్‌సైజ్ సైకిల్ బట్టలు ఆరేసుకోవడానికి వాడుతుంటే, దయచేసి సంఘానికి ఇవ్వండి. ఆటో మేమే పంపిస్తాం. ఈసారి సర్వసభ్య సమావేశం ఉదయం ఏడు గంటలకే, కింది అంతస్తులోనే.

కార్యదర్శి