రంగు పోయింది సరే, ఉప్పు సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోచంపల్లి చీర బాగుందని అందరూ అంటారు గానీ నూలుకి రంగేసాక మిగిలిన నీళ్ళు ఎటు పోతున్నాయో ఎవరూ అడగరు. మా దగ్గర చాలా ఇళ్ళల్లో అవి సీదా మోరీలోకే పోతాయి. ఇప్పుడేమో ఎలక్ట్రోకోయాగ్యులేషన్ అని కరెంటుతో రంగు తీసే మెషీన్లు వచ్చాయి, అది పెడితే ఇంక ఏ గొడవా ఉండదు అని చెప్తున్నారు. సగం నిజమే.

అందులో పెద్ద మాయేం లేదండీ. రంగు నీళ్ళలో ఇనుప ప్లేట్లో అల్యూమినియం ప్లేట్లో పెట్టి డీసీ కరెంటు ఇస్తే ప్లస్ వైపు ప్లేటు కొంచెం కొంచెం కరుగుతుంది, 1 ఆంపియర్ గంటసేపు పోతే దాదాపు 1 గ్రాము ఇనుము. ఆ కరిగింది నీళ్ళలో మెత్తటి తరకల్లా అయ్యి రంగుని పట్టుకుంటుంది, మైనస్ వైపు వచ్చే హైడ్రోజన్ బుడగలు కొంత తెట్టుని పైకి లేపుతాయి, మిగతాది అడుగున మడ్డిగా కూర్చుంటుంది. హైడ్రోజన్ కాబట్టి గాలాడని గదిలో పెట్టొద్దు, ఇది మాత్రం ఎవరూ చెప్పరు. కాస్టిక్, సోడా కలిసిన నీళ్ళైతే ముందు యాసిడ్ తో పీహెచ్, అంటే నీళ్ళలోని క్షారం, దించాలి, ప్లేట్లమీద పొర కడితే కరెంటు ఎంత ఇచ్చినా పని జరగదు, అందుకే ప్లస్ మైనస్ మార్చి మార్చి నడుపుతారు.

ఇంతా చేస్తే పోయేది రంగు. రియాక్టివ్ రంగులు నూలుకి పట్టడానికి దండిగా ఉప్పు వేస్తాం కదా, అది ఎక్కడికీ పోదు. పైగా ఆ ఉప్పుండబట్టే కరెంటు బాగా పాస్ అవుతుంది! తమిళనాడులో తిరుప్పూర్ దగ్గర నొయ్యల్ నది, ఒరత్తుపాళయం డ్యాము పాడైంది ఎక్కువగా ఈ ఉప్పు వల్లే, పొలాలకి ఆ నీళ్ళొద్దు బాబోయ్ అని రైతులే కోర్టుకెక్కారు, 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లు మొత్తం మూసెయ్యమంది. ఆ తర్వాతే అక్కడ ఉప్పుని వడకట్టే ఆర్వోలు, నీళ్ళు ఆవిరి చేసే ప్లాంట్లు గట్టిగా పట్టుకున్నారు.

అయినా మెషీన్ వద్దు అనట్లేదు, పది ఇళ్ళకి కలిపి ఒకటి పెడితే మంచిదే. కానీ రంగు వేసిన నీళ్ళు వేరు, తర్వాత జాడించిన నీళ్ళు వేరుగా పట్టాలి. ఉప్పంతా ఎక్కువగా మొదటి దాంట్లోనే ఉంటుంది, ఆ నీళ్ళు తక్కువే కాబట్టి రంగు తీసాక మా ఎండలకి సిమెంటు తొట్లలో ఆరబెట్టుకోవచ్చు. జాడించిన నీళ్ళు రంగు తీసి మళ్ళీ వాడుకోవచ్చు. మడ్డిని మాత్రం చెత్తకుప్పలో పోస్తే వానకి మళ్ళీ చెరువులోకే, దాన్ని ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి. సబ్సిడీ ఇస్తామనే వాళ్ళు ప్లేట్లు అరిగిపోతే కొత్తవి ఎవరు కొంటారు, మడ్డి బండి నెలకెన్నిసార్లు వస్తుంది, ఈ రెండూ కాగితం మీద రాసిచ్చి అప్పుడు మెషీన్ దించమనండి.

ఇట్లు,
ఒక చేనేత పాఠకుడు, భూదాన్ పోచంపల్లి