'బంధుత్వం' అన్న చోట ఏం రాయమంటారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పాఠకుల లేఖల్లో ఒక పెద్దమనిషి రాసింది చదివాను. స్వలింగ వివాహాల సంగతి సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసిందని, అవి ఢిల్లీ, ముంబై వాళ్ల సరదాలని, మన సీమలో ఎవరికి పట్టిందని ఆయన అడిగారు. నేను కర్నూలులో దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద బల్ల వేసుకుని మొదలుపెట్టాను. ఇప్పుడు అదే వీధిలో ఒక గది, అందులో కంప్యూటరు. మొత్తం 31 ఏళ్లు. సీమలో ఎవరికి పట్టిందో నాకు కాస్త తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మా పనిలో మొదటి వరుసలోనే బంధుత్వం ఉంటుంది. ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి భార్య. అది లేకుండా మనిషి కాగితంలోకి రాడు. కొన్నేళ్ల కిందట ఇద్దరు ఆడవాళ్లు వీలునామా రాయించుకోవడానికి వచ్చారు. పెద్దావిడ గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. చిన్నావిడది మిషన్ కుట్టే పని. మా ఇంటావిడ జాకెట్లు అక్కడే కుట్టించేది, అందుకని మొహం తెలుసు. అక్కాచెల్లెళ్లని అనుకునేవాణ్ణి. రెండు సెంట్లలో రెండు గదుల ఇల్లు, తన పేరు మీద ఉన్నది, చిన్నావిడకు రాయాలని పెద్దావిడ అంది.

"ఈమె మీకు ఏమవుతుందమ్మా?" అని అడిగాను. అందరినీ అడిగేదే.

"ఇరవై నాలుగేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం సార్. మీ కాగితంలో దానికి ఏ మాట ఉంటే అది రాయండి" అంది.

నాకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. 'స్నేహితురాలు' అని టైపు చేశాను. పెద్దావిడ కళ్లజోడు పైకి నెట్టుకుని స్క్రీను మీదికి వంగి చూసి, "సరే, ఒత్తులు మాత్రం తప్పు పోనీకండి" అంది. టీచర్ల బుద్ధి ఎక్కడికి పోతుంది. తర్వాత మేం ఎప్పుడూ రాసే వాక్యాలే చదివి వినిపించాను. శరీరము అశాశ్వతమని తలంచి, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలము లేక, నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత... అక్కడికి రాగానే చిన్నావిడ "ఆ మాట ఇంకోసారి చదవన్నా" అంది. తల్లికి ముద్ద పెట్టని కొడుకుల కాగితాల్లో కూడా ఆ మాట కొన్ని వందల సార్లు కొట్టి ఉంటాను. మళ్లీ చదవమని అడిగింది ఆమె ఒక్కతే.

బతికుండగానే సెటిల్‌మెంట్ రాసి ఇవ్వొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ చెప్పాను. కుటుంబ సభ్యులకు రాస్తే స్టాంపు డ్యూటీ తక్కువ, బయటివాళ్లకైతే ఎక్కువ. చట్టం లెక్కలో చిన్నావిడ బయటి మనిషే. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, అందుకే అది.

నిరుడు ఎండాకాలంలో పెద్దావిడకు పక్షవాతం వచ్చింది. ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. కాగితం మీద సంతకం ఎవరు పెడతారని అడిగారట. నేనే అంది చిన్నావిడ. మీరేమవుతారు అన్నారు. వీలునామా కాపీ చూపించింది పాపం, ఆసుపత్రిలో దానికేం విలువ. డోన్ నుంచి తమ్ముడు వచ్చి సంతకం పెట్టేదాకా గంటన్నర బెంచీ మీద కూర్చుంది. నాలుగో రోజు పెద్దావిడ పోయింది. శవాన్ని డోన్ తీసుకుపోయారు. చిన్నావిడ వెనకాల బస్సులో పోయి, వీధిలో నిలబడి చూసి వచ్చింది. ఆసుపత్రిలో తీసి ఇచ్చిన కళ్లజోడు ఆమె చేతిసంచిలోనే ఉండిపోయిందట. ఇది చెప్పింది మా ఇంటావిడ. (కేసు నడుస్తోంది కాబట్టి ఊళ్లు, వివరాలు కొన్ని మార్చాను.)

పెద్దకర్మ అయ్యాక తమ్ముళ్లు నా గదికి వచ్చారు. అక్కకు మందు పెట్టి ఇల్లు రాయించుకుందని వాళ్ల వాదన. కోర్టులో దావా వేశారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, పదేళ్లుగా అక్క గడప తొక్కలేదు అంతే. బ్యాంకు డబ్బుకు చిన్నావిడ నామినీ, వీలునామాలో ఆ ఖాతా రాయలేదు. అది నా తప్పే, గుచ్చి అడగాల్సింది. నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషే గాని వారసురాలు కాదు. పెళ్లికాని ఆడమనిషి వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి అమ్మానాన్నలకు, వాళ్లూ లేకపోతే తండ్రి తరఫు వారసులకు. అంటే ఈ తమ్ముళ్లకు. టీచరుగారి పెన్షన్ ఆమెతోనే ఆగిపోయింది. భర్త ఉండుంటే ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది.

ఇప్పుడు సుప్రీంకోర్టు తేల్చిందన్న మాటకు వద్దాం. ఆ కేసులో ముందు నిలబడిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదు జంట. ఢిల్లీ, ముంబై కాదు, మనకు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి వచ్చే ఊరు. 2022 నవంబరులో కోర్టుకు పోయారు. వాళ్లూ, మిగతా జంటలూ అడిగింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లి నమోదు చేయమని. ఆ చట్టం నాకు బాగా తెలుసు. మతాంతర పెళ్లిళ్ల వాళ్లు నా దగ్గరికే వస్తారు. నెల రోజులు ఆఫీసులో నోటీసు అంటించి ఉంచుతారు, అది చూసి పెద్దవాళ్లు ఎక్కడ దిగుతారో అని ఆ పిల్లలకు నెలంతా టెన్షన్.

2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు పది రోజులు వాదనలు విని, ఐదుగురు జడ్జీలు అక్టోబరు 17న తీర్పు ఇచ్చారు. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టాన్ని తాము తిరగరాయలేమని, అది చట్టసభల పని అని ఐదుగురూ అన్నారు. పెళ్లి కాకపోయినా జంటగా గుర్తింపు ఉండాలా, దత్తత ఇవ్వాలా అన్న దగ్గర చీలారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఉండాలన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లి, మన తెలుగువారైన జస్టిస్ నరసింహ ఒప్పుకోలేదు. ముగ్గురి మాట నెగ్గింది. తీర్పును మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరి 9న కొట్టేశారు. అయితే ఇలాంటి జంటలు కలిసి బతకడాన్ని తప్పని ఐదుగురిలో ఎవరూ అనలేదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ మీద 2018 సెప్టెంబరు 6న వచ్చిన తీర్పుతోనే ఆ సంగతి తేలింది. 2024 డిసెంబరులో మన రాష్ట్ర హైకోర్టు కూడా విజయవాడ కేసు ఒకదానిలో ఇద్దరమ్మాయిలు కలిసి ఉండొచ్చని చెప్పి పంపింది. కాబట్టి తేలింది సగమే.

ఆ వాదనల్లో కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా ఒక మాటన్నారు. ప్రత్యేక వివాహ చట్టం ఒక్కదానిలో భార్యాభర్తల మాట మారిస్తే 160 దాకా నిబంధనలు కదులుతాయని. నేను దాన్ని తీసిపారేయను. దస్తావేజులో ఒక చెక్కుబందీ, అంటే హద్దుల వివరం, మార్చమంటే వెనక నాలుగు పేజీలు సరిచేయాల్సి వస్తుంది, ఆ చాకిరీ మాకు తెలుసు. అందుకే జడ్జీలు తమ పని కాదంటే నాకు పెద్దగా కోపం రాలేదు. నా వయసుకు పెళ్లి అన్న మాట దగ్గర నేనూ కొంచెం ఆగుతాను, దాచుకునేదేముంది. కానీ నాలుగు పేజీలు మార్చాలని చెప్పి వచ్చిన పార్టీని నేను వెనక్కి పంపను కదా. కూర్చుని మారుస్తాను. చట్టాలు మార్చాల్సినవాళ్లు ఇంకా బల్ల దగ్గరికే రాలేదు.

పెళ్లి సంగతి అలా ఉంచి, రోజువారీ ఇబ్బందుల మీద కేబినెట్ సెక్రటరీతో కమిటీ వేస్తామని కేంద్రం 2023 మేలో కోర్టుకు చెప్పింది. వేసింది 2024 ఏప్రిల్‌లో. ఆ ఆగస్టులో కొన్ని ఉత్తర్వులు వచ్చాయి. జాయింటు ఖాతా తెరవొచ్చు, ఒకరికొకరు నామినీగా ఉండొచ్చు, రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడాలి. ఆ కాగితం నేనే ప్రింటు తీసి టీచరుగారికి ఇచ్చాను. రేషన్ కార్డు కోసం ఇద్దరూ పోతే "అక్కాచెల్లెళ్లా, వదినామరదళ్లా? ఏదో ఒకటి చెప్పండి" అన్నారట. ఆ రోజు నవ్వుకుంటూ వచ్చి చెప్పారు, ఉగ్గాని బజ్జీ తెప్పించుకుని తిన్నాం.

ఆ ఉత్తర్వుల్లోనే ఇంకొకటి ఉంది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు శవాన్ని తోడున్న మనిషికి అప్పగించొచ్చని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. అందుబాటులో లేనప్పుడు. డోన్ ఇక్కడికి గంట ప్రయాణం. పదేళ్లు అందుబాటులో లేని తమ్ముడు ఆ రోజు అందుబాటులోకి వచ్చాడు.

రాజధానో హైకోర్టో సీమకు ఇస్తామని 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. హైకోర్టు మాట కర్నూలు ఇంకా వింటూనే ఉంది. కాగితం మీదున్నది చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో మా ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడైతే ఆ కాగితమే లేదు. మన ఎంపీలను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పెళ్లి అనండి, ఇంకో పేరు పెట్టండి, ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి మేమిద్దరం ఒక ఇల్లు అని చెబితే రాసుకోవడానికి రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక పుస్తకం పెట్టండి. ఆసుపత్రిలో, బ్యాంకులో, పెన్షన్ ఆఫీసులో అది చెల్లాలి. ఇప్పుడు వాళ్లు వీలునామా ఒకటి, నామినేషన్ ఒకటి, అఫిడవిట్ ఒకటి రాయించుకుని అతుకులు వేసుకుంటున్నారు. రాసి డబ్బులు తీసుకునేది నేనే, అయినా చెబుతున్నాను, ఆ అతుకులు నిలవవు.

మా కేసు వాయిదా వచ్చే నెలలో ఉంది. వీలునామా రాసినవాడిగా నన్ను సాక్షికి పిలిచారు. ఆమె చనిపోయినావిడకు ఏమవుతుందని మొదటి ప్రశ్నే వేస్తారని లాయరు గారు చెప్పారు. ఇరవై నాలుగేళ్లు, ఒకే పొయ్యి అని చెబుదామని ఉంది. "మీరు కాగితంలో రాసిందే చెప్పండి, వేరేది చెబితే కేసు పోతుంది" అన్నారు. స్నేహితురాలు అని చెబుతాను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
కర్నూలు.
(కేసులో సాక్షిని కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.)