వార్షిక నివేదిక 2024: లైసెన్సులు, రెన్యువల్స్, మిగతా పనులు

సభ్యులందరికీ నమస్కారం.

2024 సంవత్సరపు నివేదికను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. అమెరికాలో కాంట్రాక్టుల మీద రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తిరుగుతూ పనిచేసే తెలుగు ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం మనది; జబ్బో గాయమో అయ్యాక రోగి తన రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేయడం మన వృత్తి. మామూలు కాంట్రాక్టు 13 వారాలది కాబట్టి ఎవరి చిరునామా రాసుకున్నా పెన్సిల్‌తోనే రాసుకోవాలి. ఉగాదికి హాలు బుక్ చేయడం ఈసారీ కుదరలేదు. పచ్చడి ఎవరి వంటింట్లో వారు కలుపుకుని, వేపపువ్వు దొరకనివారు మెంతులతో సరిపెట్టుకుని, ఫోన్లలో ఒకరికొకరు చూపించుకున్నాం. పండుగల సంగతి అంతే. అసలు పనిలోకి వస్తాను.

సంఘానికి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ ఏడాది కూడా లైసెన్సు గురించే. కాంట్రాక్టు ఖాయమవుతుంది, అద్దె ఇల్లు కుదురుతుంది, లైసెన్సు మాత్రం రాదు. జాతీయ ధ్రువీకరణ బోర్డు ఎన్‌బీసీఓటీ పెట్టే పరీక్ష దేశమంతటికీ ఒకటే, 450 స్కోరు వస్తే ఎక్కడైనా పాసే. లైసెన్సు అలా కాదు. 50 రాష్ట్రాలూ, వాషింగ్టన్ డీసీ ఎవరి లైసెన్సు వారే ఇస్తాయి. ఒక చోట లైసెన్సు ఉంటే పక్క రాష్ట్రం దాన్ని చూసి ఇచ్చేస్తుందని కొత్తగా ఈ దారిలోకి వచ్చినవారు నమ్ముతారు. చూడటం చూస్తుంది. దరఖాస్తు, ఫీజు, చాలాచోట్ల నేరచరిత్ర తనిఖీ మాత్రం మళ్లీ మొదటి నుంచీ నడవాల్సిందే.

వసంతకాలంలో పెట్టిన ఆన్‌లైన్ సదస్సులో సభ్యులు తమ దరఖాస్తులు ఎక్కడ ఆగాయో చెప్పుకున్నారు. రాష్ట్రాల లైసెన్సు బోర్డుల మీద కోపంతో మొదలైన చర్చ కాస్త దూరం వెళ్లాక వేరే దారి పట్టింది. దరఖాస్తులు ఎక్కువగా ఆగినది కొత్త బోర్డులో కాదు, పాత రాష్ట్రాల నుంచి రావలసిన ధ్రువీకరణ దగ్గర. ఇప్పటివరకు ఎక్కడెక్కడ లైసెన్సు తీసుకున్నారో అన్నీ చెప్పమని చాలా బోర్డులు అడుగుతాయి. గడువు తీరి మనం మరిచిపోయినవి కూడా అందులోకే వస్తాయి. ఆ ధ్రువీకరణ పాత బోర్డు నుంచి కొత్త బోర్డుకు నేరుగా వెళ్లాలి, మన దగ్గరున్న కాగితం చెల్లదు. కొన్ని బోర్డులు వెబ్‌సైటులో చూసుకుని సరే అంటాయి, కొన్నింటికి ముద్ర వేసిన ఉత్తరమే కావాలి. ఐదు రాష్ట్రాల్లో లైసెన్సులున్న మనిషికి ఆరోది సులువుగా వస్తుందనుకుంటాం. నిజానికి ఆ మనిషి ఐదు చోట్ల అడిగి, ఐదు జవాబుల కోసం కూర్చోవాలి.

అందుకే కార్యవర్గం ఈ ఏడాది ఒక మాట గట్టిగా చెబుతోంది: లైసెన్సులు పోగేయకండి. ఎన్ని ఉంటే అంత మంచిదని కాంట్రాక్టులు కుదిర్చే ఏజెన్సీల రిక్రూటర్లు అంటారు, ఫీజు కూడా చాలామంది తిరిగి ఇచ్చేస్తారు. వారికి పోయేదేమీ లేదు. రెన్యువల్ కోసం కోర్సులు చదివేది మనం, గడువు తేదీలు గుర్తుపెట్టుకునేది మనం. నిజంగా పనిచేయదలచిన రెండు మూడు రాష్ట్రాలు ఎంచుకుని, వాటిని ఏళ్ల తరబడి బతికించుకున్నవారే మన సభ్యుల్లో నిశ్చింతగా ఉన్నారు. కాంట్రాక్టు కోసం లైసెన్సు వెతుక్కోవడం కన్నా, ఉన్న లైసెన్సుకు తగిన కాంట్రాక్టు వెతుక్కోవడం మేలు. దీనితో ఏకీభవించని సభ్యులూ ఉన్నారు. వారి వాదన సర్వసభ్య సమావేశంలో వింటాం.

దరఖాస్తు ఏజెన్సీ వారిచేత నింపించుకునే అలవాటు గురించి కూడా ఒక మాట. కింద సంతకం మనది. 'ఎప్పుడైనా కేసు నమోదైందా, ఎక్కడైనా క్రమశిక్షణ చర్య జరిగిందా' అన్న ప్రశ్నలకు జవాబుదారీ మనమే. చిన్నదనిపించిన పాత కేసును దాచితే, ఆ కేసు కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది.

ఇక పేర్ల గొడవ. ఇది మన తెలుగువారికి ప్రత్యేకంగా అంటుకున్న తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ముందుంటుంది. డిగ్రీ పట్టాలో ఆ అక్షరం చివరికి జరుగుతుంది. పాస్‌పోర్టులో దాన్ని పూర్తిగా విప్పి రాస్తారు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినవారికైతే పేరంతా ఇంటిపేరై, అసలు పేరు ఉండాల్సిన చోట వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పెళ్లయ్యాక పేరు మారితే మరో పొర. ఈ ఏడాది ఒక సభ్యురాలి దరఖాస్తు వారాల తరబడి కదల్లేదు. పట్టాలో ఒక పేరు, ఎన్‌బీసీఓటీలో ఒకటి, సోషల్ సెక్యూరిటీ కార్డులో మరొకటి. మూడూ ఆమెవే. చివరకు పెళ్లి ధ్రువపత్రంతో పాటు, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ ముందు సంతకం చేసిన అఫిడవిట్టు పంపాక ఫైలు కదిలింది. మన ఊళ్లో ఆస్తి కాగితాలకు రాసుకునే అఫిడవిట్టు లాంటిదే. దాని నమూనాను సంఘం తయారు చేసి ఉంచింది, అడిగినవారికి పంపుతాం. మొదటి లైసెన్సుకు ముందే పేరు అన్నిచోట్లా ఒకేలా చేయించుకోండి. తర్వాత మార్చాలంటే ఎన్ని బోర్డులున్నాయో అన్ని చోట్లా మార్చాలి.

కాలిఫోర్నియా గురించి ఈ ఏడాది ఎక్కువగా మాట్లాడాల్సి వచ్చింది. ఆ రాష్ట్రంలో ఉన్నవారు లైవ్ స్కాన్ యంత్రం మీద వేలిముద్రలు ఇస్తారు. బయటి రాష్ట్రాల నుంచి దరఖాస్తు చేసేవారు సిరా పూసిన వేళ్లతో ఎఫ్‌డీ-258 అనే వేలిముద్రల కార్డు మీద ముద్రలు వేయించి పంపాలి. మన వృత్తిలో ఇక్కడే చిక్కు. రోజంతా చేతులు కడుగుతూ, శానిటైజరు రాస్తూ, స్ప్లింటు (చేతిని కదలకుండా పట్టి ఉంచే ఆధారం) కోసం వేడినీళ్లలోంచి ప్లాస్టిక్ తీస్తూ ఉండే వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. ముద్ర చదవలేకపోతే కార్డు తిరిగివస్తుంది, మళ్లీ మొదలు. ముద్రలు వేయించే ముందు కొన్ని రోజుల పాటు రాత్రిపూట చేతులకు కొబ్బరినూనో లోషనో పట్టించండి. వేసే గంట ముందు మాత్రం ఏమీ రాయకండి, సిరా జారిపోతుంది. ఈ చిట్కా చెప్పిన సీనియర్ సభ్యురాలికి ధన్యవాదాలు.

లైసెన్సు చేతికొచ్చినా కాలిఫోర్నియాలో మరో గడప ఉంది. టెక్సాస్‌లో చేతి గాయాల రోగులకు రోజూ అల్ట్రాసౌండ్, విద్యుత్ ప్రేరణ పెట్టిన చేయి అక్కడ ఆగాలి. అలాంటి భౌతిక సాధనాలు వాడటానికి బోర్డు నుంచి విడిగా అనుమతి కావాలి. దానికి 30 గంటల చదువు, 240 గంటల పర్యవేక్షిత శిక్షణ చూపించాలి. చేతి చికిత్సకూ, మింగుడు సమస్యల పరీక్షకూ వేర్వేరు అనుమతులున్నాయి. క్లినిక్‌లో యంత్రం ఎదురుగా ఉన్నంత మాత్రాన, మేనేజరు పెట్టమన్నంత మాత్రాన పెట్టకూడదు. కాంట్రాక్టు మీద సంతకం చేసే ముందే అక్కడి పనిలో ఇవి ఉన్నాయో లేదో అడగండి.

రెన్యువల్ తేదీలు ఏ రెండు చోట్లా కలవవు. కాలిఫోర్నియా, టెక్సాస్ రెండేళ్లకొకసారి, పుట్టిన నెల ఆఖరుకు. రెండింటికీ రెన్యువల్ కోర్సులు 24 గంటల చొప్పున కావాలి. టెక్సాస్ వారికి మానవ అక్రమ రవాణా నివారణపై ఆ రాష్ట్రం ఆమోదించిన కోర్సు అదనం. లైసెన్సు తీసుకునేటప్పుడు అక్కడి చట్టాల మీద పరీక్ష కూడా ఉంటుంది, పుస్తకం చూసి రాసేదే అయినా కొందరు చివరిరోజు దాకా వదిలేస్తున్నారు. న్యూయార్క్‌లో లైసెన్సు ఇచ్చేది విద్యాశాఖ. అక్కడ లైసెన్సు జీవితకాలం చెల్లుతుంది, కానీ పనిచేయాలంటే మూడేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ కొత్తది చేయించుకోవాలి, అందుకు 36 గంటల చదువు చూపాలి. 'నా లైసెన్సుకు గడువే లేదు' అని ధీమాగా ఉన్న సభ్యులు రిజిస్ట్రేషన్ తేదీ ఒకసారి చూసుకోండి. వీటన్నిటి పైన ఎన్‌బీసీఓటీ సర్టిఫికేషన్ ఉంది: మూడేళ్లకు 36 యూనిట్లు, గడువు మార్చి 31. దాన్ని వదిలేస్తే పేరు పక్కన ఓటీఆర్ (రిజిస్టర్డ్ ఆక్యుపేషనల్ థెరపిస్టు) అని రాసుకునే హక్కు పోతుంది, కొత్త రాష్ట్రానికి దరఖాస్తు చేసేటప్పుడు అదే అడ్డం పడవచ్చు.

ఒకే కోర్సు చాలా రాష్ట్రాలకు పనికొస్తుంది, రాష్ట్రం ప్రత్యేకంగా అడిగే గంటలు మాత్రం విడిగా చదవాలి. కోర్సు పూర్తయిన రోజే సర్టిఫికెట్టు దాచుకోండి. ఆడిట్ వచ్చాక కోర్సు నిర్వాహకుల వెంటపడటం కన్నా అది తేలిక. గడువు దాటిన లైసెన్సుతో ఒక్కరోజు చికిత్స చేసినా అది లైసెన్సు లేని వైద్యమే, ఆ రోజు మెడికేర్‌కు (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) పంపిన బిల్లు కూడా చిక్కులో పడుతుంది.

ఒక రాష్ట్రపు లైసెన్సుతో ఒప్పందంలో ఉన్న మిగతా రాష్ట్రాల్లోనూ పనిచేయడానికి అనుమతినిచ్చే అంతర్రాష్ట్ర ఒప్పందం గురించి అందరూ అడుగుతున్నారు. ఆక్యుపేషనల్ థెరపీ కాంపాక్ట్ చట్టాలు 2021లో మొదలయ్యాయి, 2022లో పదో రాష్ట్రం చేరడంతో ఒప్పందం అమలుకు కావలసిన సంఖ్య పూర్తయింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు చేరాయి. కానీ చట్టం చేయడం వేరు, అనుమతులు ఇవ్వడం వేరు. అన్ని రాష్ట్రాల సమాచారం ఒకచోట చేర్చే వ్యవస్థ సిద్ధం కావాలి, ఎఫ్‌బీఐ తనిఖీకి ప్రతి రాష్ట్రంలో ఏర్పాటు ఉండాలి. 2024 ముగిసేసరికి ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది. ఫిజికల్ థెరపిస్టుల ఒప్పందం 2018లోనే అనుమతులివ్వడం మొదలుపెట్టింది, వారిని చూసి మన సభ్యులు నిట్టూర్చడం సహజమే. వ్యవస్థ వచ్చినా స్థిరనివాస రాష్ట్రం ఒప్పందంలో ఉంటేనే ప్రయోజనం. 2024 ముగిసేసరికి కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇందులో చేరలేదు. కాంపాక్ట్ వస్తుంది కదా అని ఇప్పుడున్న లైసెన్సు రెన్యువల్ మానేసినవారు ఇద్దరు ముగ్గురు కనిపించారు, దయచేసి అలా చేయకండి.

హెచ్-1బీ మీద ఉన్న సభ్యుల పరిస్థితి వేరు. వారికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తిరిగే స్వేచ్ఛ లేదు. పనిచేసే చోటు ఆ మెట్రో ప్రాంతం దాటితే యజమాని సవరించిన పిటిషన్ వేయాలని 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల కార్యాలయం ఇచ్చిన సిమియో తీర్పు తేల్చింది. తక్కువ కాలానికి మినహాయింపు ఉంది కానీ అది ఏడాదికి 30 పనిదినాలు, కొన్ని షరతులకు లోబడి 60. మన 13 వారాల కాంట్రాక్టు లెక్కవేస్తే 65 పనిదినాలు! కావాలని అలా పెట్టారా అని ఒక సభ్యుడు అడిగారు, నవ్వి ఊరుకున్నాం. గ్రీన్‌కార్డు దారిలోనూ నర్సులకు, ఫిజికల్ థెరపిస్టులకు ఉన్న షెడ్యూల్-ఎ వెసులుబాటు మనకు లేదు. యజమాని పెర్మ్ (కార్మిక శాఖ ధ్రువీకరణ) ద్వారానే వెళ్లాలి. ఈ విషయాల్లో సంఘం సలహా ఇవ్వదు, ఇమిగ్రేషన్ న్యాయవాదినే అడగాలి.

ఇండియాలో చదివి ఇక్కడికి రావాలనుకుంటున్న యువ థెరపిస్టులతో వేసవిలో మాట్లాడాం. వారిలో చాలామంది వెల్లూరు, మణిపాల్, చెన్నైల వైపు వెళ్లి చదివినవారు. వారు ముందు ఎన్‌బీసీఓటీ అర్హత నిర్ధారణ దాటాలి. చదువు ఇక్కడి పోస్ట్ బ్యాచిలర్ స్థాయికి సమానమని తేలాలి, ఇంగ్లీషు ప్రావీణ్యం చూపాలి. ఆ తర్వాతే పరీక్ష, ఆ తర్వాతే రాష్ట్రం. వీసా కోసం విడిగా అర్హతా ధ్రువపత్రం కూడా కావాలి. సీలు వేసిన కవరులో మార్కుల వివరాలు విశ్వవిద్యాలయం నుంచే నేరుగా రావాలి కాబట్టి, ఊరు వదిలే ముందే ఆ పని పూర్తిచేసుకోమని చెప్పాం. ఇక్కడికి వచ్చాక పరీక్షల విభాగం కిటికీ దగ్గర నిలబడటానికి అన్ననో బావనో బతిమాలాలి. ఒక సభ్యుడి తండ్రిగారు అలా తిరిగి తిరిగి గుమాస్తాల పిల్లల పేర్లు కూడా తెలుసుకున్నారు.

ఆర్థిక వివరాలు, ఆడిట్ నివేదిక విడిగా పంపుతున్నాం. చందాల్లో మార్పు లేదు. కోశాధికారి మరో ఏడాది కొనసాగడానికి ఒప్పుకున్నారు, ఆ బాధ్యత తీసుకుంటామని ఇంకెవరూ ముందుకు రాలేదు కూడా. రాబోయే సంవత్సరంలో ప్రతి కొత్త సభ్యుడికీ ఒక పాత సభ్యుడిని జతచేసి, మొదటి రెండు లైసెన్సుల వరకు తోడుండే ఏర్పాటు చేయాలని ప్రతిపాదన ఉంది. ఇష్టమున్న సీనియర్లు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు. సర్వసభ్య సమావేశం ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. తూర్పు తీరంలో రాత్రి భోజనాలయ్యాక, పశ్చిమ తీరంలో డ్యూటీ దిగాక కలిసే సమయం ఖరారు చేసి తెలియజేస్తాం.

ఫ్లోరిడా లైసెన్సులున్నవారికి చివరగా: అక్కడ బేసి సంవత్సరాల్లో ఫిబ్రవరి 28తో గడువు తీరుతుంది. 26 గంటల కోర్సులు పూర్తి కావాలి. అందులో వైద్య పొరపాట్ల నివారణకు 2, ఫ్లోరిడా చట్టాలు, నిబంధనలకు 2 గంటలు ఉండాలి. ఈ నివేదిక చదవడం అయిన వెంటనే మీ ఖాతా తెరిచి ఆ గంటలు నమోదయ్యాయో లేదో చూసుకోండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి