జెరాక్స్ షాపు మౌసాకి దండాలు

నిన్న సాయంత్రం నాలుగున్నరకి ఫోనుకి మెసేజ్ వచ్చింది, పిండిమర మిషన్ డీలరు ఖాతాకి బ్యాంకు నా అప్పు డబ్బు పంపించిందని. పదకొండు నెలలు పట్టింది. రాత్రంతా నిద్ర లేదు, పొద్దున్న పళ్లు తోముకుంటూ ఏడ్చాను, మా అత్తగారు ఏమైందోనని కంగారుపడి పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. ఆ ఊపులోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. పుట్టిల్లు పాతపట్నం, అంటే ఆంధ్ర. పెళ్లై ఇటు వచ్చి పదహారేళ్లు. ఇంటి పక్క రేకుల షెడ్డులో పిండిమర పెట్టి చోళ్లు (రాగులు), పసుపు, మిరపకాయలు ఆడించి ప్యాకెట్లు కట్టి అమ్మాలని ఆశ. మా చుట్టుపక్కల కొండ ఊళ్లలో చోళ్లకి లోటు లేదు, ఒడియా వాళ్లు మాండియా అంటారు. పట్టించాలంటే మాత్రం ఆడవాళ్లు మూట నెత్తిన పెట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడవాలి. తీరా అక్కడ అంతకుముందు ఎవరో కారం ఆడించి ఉంటారు, ఆ రోజు అంబలి తాగిన పిల్లల నోళ్లు మంట.

చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో పెట్టిన పథకం ఉంది, పీఎంఎఫ్‌ఎంఈ అంటారు. ఖర్చులో 35 శాతం సబ్సిడీ, కనీసం 10 శాతం మనం పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు అప్పు. నా లెక్క 4 లక్షల 60 వేలు, అందులో నా వాటా 46 వేలు. కాగితం మీద ఎంత బాగుందో! ఊళ్లో నూటికి 5 రూపాయల వడ్డీకి అయితే పావుగంటలో దొరికేది, ఆధార్ కూడా అడగరు. ఆ ఇంటి అరుగు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను.

ఇక పర్లాకిమిడిలో బ్యాంకు. ఏ బ్యాంకో చెప్పను, రేపు కిస్తీ కట్టాల్సింది అక్కడే కదా. మొదట పేరు గొడవ. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, పదో తరగతి సర్టిఫికెట్ ఆంధ్రది కాబట్టి అందులో ఇంటిపేరుకి ఒక అక్షరమే. ఇక ఒడియాలో ఉన్న రేషన్ కార్డులో మా ఇంటిపేరు ఇంకెవరి ఇంటిపేరో అయిపోయింది. 1936లో రాష్ట్రాల మధ్య గీత గీసినవాళ్లకి నాలాంటి కోడళ్లు గుర్తొచ్చి ఉండరు. ఆ తర్వాత తాకట్టు ఏం పెడతావు అన్నారు. 10 లక్షల లోపు చిన్న పరిశ్రమల అప్పుకి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది, ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు, వాళ్లకి మాత్రం తెలుసు. ఆ తర్వాత డీలరు ఇచ్చిన మిషన్ ధర కాగితం, అదే కొటేషన్, గడువు అయిపోయిందన్నారు, కొత్తది తెచ్చేసరికి ఆఫీసరు బదిలీ. ఫైలు కనపడట్లేదు, మళ్లీ సెట్టు ఇవ్వండి అన్నారు. ఇలా రెండుసార్లు.

మూడోసారి కూడా అదే మాట విన్నరోజు సంగతి చెప్పాలి. మే నెల, మధ్యాహ్నం రెండు. బయటికి వచ్చి ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపు బల్ల మీద కూలబడ్డాను. మొత్తం సెట్టు 42 కాగితాలు, కాగితానికి 2 రూపాయలు, పర్సులో బస్సు డబ్బులు పోను 60 ఉన్నాయి. ఏవి తీయించాలి, ఏవి ఆపాలి అని వేళ్ల మీద లెక్కేసుకుంటున్నాను. షాపాయన, మౌసా అని పిలుస్తాను, ఒడియాలో బాబాయి అన్నట్టు, పెద్దాయన, ఒడియా మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతారు. అంతకుముందు నాలుగైదుసార్లు జెరాక్సులు తీయించాను, అంతే పరిచయం. ఏమీ అడగలేదు. కౌంటరు కిందకి వంగి నీలం పాలిథిన్ కవరు ఒకటి తీసి నా ఒళ్లో పెట్టారు. దాని మీద స్కెచ్ పెన్నుతో ఒడియాలో "మాండియా మా" అని రాసుంది, అంటే చోళ్ల అమ్మ. లోపల నా కాగితాలు. 42కి 42, వరసలో, మూలకి దారం కట్టి.

"బ్యాంకు గేటుకి ఎదురుగా పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను మా. ఏ ఫైలు బతుకుతుందో, ఏది పోతుందో మొహం చూస్తే తెలుస్తుంది. మొదటిరోజే ఒక సెట్టు ఎక్కువ తీసి ఉంచాను. దానికి డబ్బులు వేసుకోలేదులే."

నేను ఏడ్చాను. రోడ్డు మీద, అందరి ముందు. నేను మనసులో ఆ రోజుదాకా ఈయన కాగితానికి రూపాయి ఎక్కువ తీసుకుంటున్నాడని తిట్టుకున్నదాన్ని.

ఆ తర్వాత షట్టరు సగం దించి, స్కూటరు మీద కోర్టు దగ్గరికి తీసుకెళ్లి, ఈ నాలుగు పేర్లూ ఒక్క మనిషివే అని నోటరీ చేత అఫిడవిట్ రాయించారు. వచ్చేటప్పుడు ఒక మాట నేర్పించారు: "ఆజ్ఞా, కారణటా లేఖికరి దిఅంతు." అయ్యా, కారణం రాసి ఇవ్వండి అని. అప్పు ఇవ్వము అంటే ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసి ఇమ్మను, గొంతు పెంచకు, కుర్చీలోంచి లేవకు అన్నారు. దారి పొడుగునా ఆ ముక్క బట్టీ పట్టాను. కౌంటరు ముందు అన్నాను, నా ఒడియా యాసకి ఇద్దరు నవ్వారు కూడా. కానీ రాసి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. వారం తిరక్కుండా ఫీల్డ్ ఆఫీసరు మా షెడ్డు చూడ్డానికి వచ్చారు! పోయాయన్న పాత ఫైళ్లు కూడా దొరికాయట. ఏ బీరువాలో నిద్రపోయాయో.

మా ఆయన, అత్తగారు, పిల్లలు సరే, ఇంట్లో వాళ్లకి థాంక్స్ ఏం చెప్తాం. నా వాటాలో 30 వేలు మా తమ్ముడు ఇచ్చాడు, వాడితో ఫోన్లో మాట్లాడతా.

ఇలాంటి అప్పుకి తిరిగేవాళ్లు ఒక్కటి వినండి. ఈ పథకానికి దరఖాస్తు పెట్టించడానికి జిల్లాకి రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వాళ్లకి మనం రూపాయి ఇవ్వక్కర్లేదు. తెలీక ఒక బ్రోకరుకి 3 వేలు పోశాను. చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, దానికి 500 తీసుకున్నాడు మహానుభావుడు. సబ్సిడీ చేతికి వస్తుందని కలలు కనకండి, అది బ్యాంకులోనే ఉంటుంది, మూడేళ్లు కిస్తీలు సరిగ్గా కట్టి మర నడుస్తూ ఉంటే అప్పులో సర్దుతారు. ఇవన్నీ బ్యాంకు గోడ మీద తెలుగులో, ఒడియాలో ఒక్క కాగితం అంటిస్తే ఏం పోయింది? బంగారం లోను బోర్డు మాత్రం మూడు భాషల్లో ఉంటుంది.

అయ్యో, మర్చిపోయాను. కొటేషను నాలుగుసార్లు విసుక్కోకుండా తేదీ మార్చి పంపిన విశాఖపట్నం డీలరు దగ్గరి అమ్మాయికి థాంక్స్. షెడ్డు చూడ్డానికొచ్చి, మంచినీళ్లు చాలు అంటూనే రెండు గ్లాసుల అంబలి తాగి, రిపోర్టు ఆ సాయంత్రమే పెట్టిన ఫీల్డ్ ఆఫీసరు గారికి కూడా, బ్యాంకు అంటే అందరూ ఒకటి కాదు. ఆఖరి బస్సు నా కోసం రెండు నిమిషాలు ఆపిన కండక్టరుకి, మా గ్రూపు ఆడవాళ్లకి, త్రీ ఫేజ్ లైను లాగిన కుర్రాళ్లకి. ఇంకా ఎవరో ఉన్నారు, ఇప్పుడు బుర్ర పనిచేయట్లేదు.

మౌసాకి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. పర్లాకిమిడిలో ఎవరైనా అటువైపు వెళ్తే ఇది ఆయనకి చదివి వినిపించండి. ఆ అఫిడవిట్‌కి స్టాంపు పేపరు ఆయనే కొన్నారు, 20 రూపాయలు బాకీ ఉన్నాను, బుధవారం తెస్తున్నానని కూడా చెప్పండి.