వారపు తోరా పఠనం: 5785 సంవత్సరపు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

యూదుల పంచాంగంలో 5785 మొదలైన 2024 అక్టోబరులో, ఏడాది తోరా పఠనం ముగిసే సింహత్ తోరా పండుగనాడు ద్వితీయోపదేశకాండం ముగించి, ఆ పూటే ఆదికాండం అందుకున్నాం. 2025 అక్టోబరుతో ఆ ఆవృత్తి పూర్తయింది. తోరా అంటే మోషే ఐదు కాండాలు; అన్నిటికీ కలిపి 54 పరాషాలు, అంటే వారపు పఠన భాగాలు. శనివారం సాయంత్రం జరిగే మన కూటంలో గుంటూరు వైపు సభ్యులున్నారు, హైదరాబాదు నుంచి ఫోనులో కలిసేవారున్నారు, ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిచేస్తూ అక్కడి నుంచే చేరే తెలంగాణవాళ్లున్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారం పాటించే బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సమాజపు కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా ఆచరిస్తున్నది ఈ పఠనాన్నే. కాబట్టి తెలుగు నేలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఈ ఏడాది కార్యవర్గం ఒక ప్రశ్న ముందు పెట్టుకుంది: ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి విడుదల పొందినవాళ్లు ఎలా బతకాలని తోరా అంటోంది? ఏడాది పొడవునా చర్చ దాని చుట్టూనే సాగింది.

జనవరి 25న వాఎరా అనే పరాషా చదివాం. నిర్గమకాండం ఆరో అధ్యాయంలో దేవుడు మోషేతో నాలుగు మాటలు చెబుతాడు: బరువు కిందనుంచి వెలికి తెస్తాను, దాస్యం నుంచి తప్పిస్తాను, విమోచిస్తాను, నా ప్రజగా చేర్చుకుంటాను. ఆ విడుదలను తలచుకునే పస్కా పండుగ రాత్రి బల్ల దగ్గర తాగే నాలుగు గిన్నెల ద్రాక్షారసం ఈ నాలుగింటికి గుర్తు. అందరికీ తెలిసిన ఈ సంగతి కన్నా, ఆ వెంటనే వచ్చే తొమ్మిదో వచనమే మమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టింది. మోషే ఆ మాటలు చెబితే జనం వినలేదు. మనసు కుంగి, వెట్టిచాకిరీతో నలిగి ఉన్నారు కాబట్టి వినలేకపోయారని వచనమే చెబుతుంది. వాళ్లను అవిశ్వాసులని తప్పుపట్టదు. రాత్రింబవళ్లు మంచం పక్కన ఉండే పనిచేసే సోదరి ఒకరు, ఒళ్లు అలిసినవాడికి శుభవార్త కూడా చెవికెక్కదని ఆ రోజు అన్నారు. ఈ వచనానికి అంతకన్నా మంచి వ్యాఖ్యానం ఆ సాయంత్రం మాకు దొరకలేదు.

ఎర్ర సముద్రం దాటే ఘట్టం ఫిబ్రవరి 8న, సీనాయి కొండ దగ్గర ఇచ్చిన పది ఆజ్ఞలు 15న అయ్యాయి. 22న మిష్పతీమ్. సీనాయి ఉరుములు ఇంకా చెవుల్లో ఉండగానే వచ్చే మొదటి చట్టం దాసుడి గురించి: ఆరేళ్లు పనిచేస్తాడు, ఏడో ఏట డబ్బేమీ కట్టకుండా విడుదలవుతాడు. నిన్నటి బానిసలు రేపు యజమానులైతే ఏం జరుగుతుందో తోరా ముందే ఆలోచించింది. తరువాత వచ్చిన, ఆరాధనకు కట్టిన ప్రత్యక్ష గుడారం కొలతల వారాలను ఈసారి త్వరగానే దాటేశాం.

ఏడాదిలో అన్నిటికన్నా నిండుగా సాగిన కూటం మే 10న జరిగింది. ఆ వారం అహరే మోత్, కెదోషీమ్ అనే రెండు పరాషాలు జంటగా వచ్చాయి. లేవీయకాండం 19 "పరిశుద్ధులై ఉండండి" అని మొదలవుతుంది, అదీ యాజకులతో కాకుండా సమాజమంతటితో. అలా మొదలై చేలోకి, కూలివాడి దగ్గరికి, అంగడికి నడుస్తుంది. చేను అంచులు కోయకు, పరిగె ఏరుకోకు, వాటిని పేదకూ పరదేశికీ వదిలెయ్యి. ఆ అంచు అరవయ్యో వంతుకు తగ్గకూడదని తరువాతి కాలంలో యూదు గురువుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెప్పింది. కూలి డబ్బు తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు. చెవిటివాణ్ణి తిట్టకు. నెరిసిన తల కనిపిస్తే లేచి నిలబడు.

అధ్యాయం చివర తక్కెడ వస్తుంది. త్రాసు, గుండ్లు, కొలపాత్రలైన ఏఫా, హిన్ అన్నీ న్యాయంగా ఉండాలి; ఎందుకంటే మిమ్మల్ని ఐగుప్తు నుంచి రప్పించిన దేవుణ్ణి నేనే అంటాడు. సముద్రం చీలిన సంగతిని తెచ్చి తూకపు రాయికి కట్టడం నాకు ఈ ఏడాది పఠనం మొత్తంలో అతి ముఖ్యమైన చోటుగా తోచింది. తూకంలో మోసపోయినవాడు మళ్లీ ఐగుప్తులో పడ్డట్టే. తరుగు పేరుతో పంటలో కొంత పోగొట్టుకున్న రైతు సభ్యులకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ వారం తోరా వెంట చదివే ప్రవక్తల పఠనంగా ఆమోసు తొమ్మిదో అధ్యాయం చదివాం. ఇశ్రాయేలును ఐగుప్తు నుంచి రప్పించినట్టే ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి, సిరియనులను కీరు నుంచి రప్పించానని అక్కడ దేవుడంటాడు. విమోచన ఒక్కరి సొత్తేనా అని వాదన చాలాసేపు నడిచింది. తేలలేదు. తేల్చాలని కార్యవర్గమూ పట్టుబట్టలేదు.

మే 24న మరో జంట: బెహర్, బెహుకోతై. ఏడో ఏట భూమికి విశ్రాంతి, యాభయ్యో ఏట సునాదం, అంటే విడుదల ప్రకటించే సంవత్సరం. ఆ ఏట భూమి మొదటి కుటుంబానికి తిరిగి చేరుతుంది కాబట్టి, అమ్మకం ధరను అప్పటిదాకా మిగిలిన పంటలను బట్టి లెక్కకట్టాలి. అంటే అమ్మేది నిజానికి పంటలనే, మన లెక్కలో దీర్ఘకాలపు కౌలు. పేదరికంతో పొలం అమ్ముకున్నవాడి తరఫున దగ్గరి బంధువు వచ్చి విడిపించాలి. దేవుణ్ణి విమోచకుడని పిలిచే మాట ఈ బంధువుకూ వర్తిస్తుంది. జంట వారాల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 32వ అధ్యాయం చదివే ఆనవాయితీ లేకపోయినా, పట్టుబట్టి చదివాం. యెరూషలేము ముట్టడిలో ఉండగా యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చి అనాతోతులో బంధువు పొలం కొంటాడు, క్రయపత్రాలను మట్టికుండలో భద్రపరచమంటాడు.

ఈ పఠనాల తరువాత సభ్యులు ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేశారు: హాలు శుభ్రం చేసే ఆమెకూ, కరపత్రాలు కూర్చే కుర్రాడికీ పని ముగిసిన సాయంత్రమే డబ్బు అందాలి, కోశాధికారి ఊళ్లో లేకపోయినా సరే. అప్పటినుంచి అమలవుతోంది. వారాల పండుగైన షావుఓత్‌కు రూతు గ్రంథం మొత్తం చదివాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

5786లోనూ కెదోషీమ్ జంటగానే, 2026 ఏప్రిల్ 25న వస్తుంది. అధిక మాసం ఉన్న 5787లో దానికి విడిగా ఒక వారం దొరుకుతుంది. అప్పటికి 19వ అధ్యాయానికి మన సభ్యుల మాటల్లోనే తెలుగు వివరణ సిద్ధం చేయాలని సంకల్పం. రాయదలచినవారు పస్కాలోగా కార్యదర్శికి పేర్లు ఇవ్వగలరు. పొలం పని, కూలి, వ్యాపారం తెలిసినవారు ముందుకు రావాలని ప్రత్యేకంగా కోరుతున్నాం.

— కార్యవర్గం తరఫున, కార్యదర్శి